అమ్మ ఫోను పిన్ను మరిచిపోయింది. నాన్న గొంతు అందులోనే ఉంది. లాప్‌టాప్‌లో డ్రైవర్లు ఎక్కడం లేదు, సాయం చేయండి

గోదావరి గట్టు | శనివారం, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. మాది రాజమహేంద్రవరం. అమ్మకు 67 ఏళ్లు. 2021లో కొన్న ఆండ్రాయిడ్ 11 ఫోను వాడుతుంది. నాన్న పోయి రెండేళ్లవుతోంది. చివరి నెలల్లో ఆయన పాడిన పద్యాలు, మా అమ్మాయికి చెప్పిన కథలు ఆ ఫోనులోని రికార్డరులో నలభైకి పైగా ఉన్నాయి. వాటికి మరో ప్రతి ఎక్కడా లేదు.

గురువారం మా అబ్బాయి నానమ్మ చేత లాక్ మార్పించాడు. చుక్కలు కలుపుతూ గీత గీసి తెరిచే పద్ధతిలో వేలి జిడ్డు అద్దం మీద కనబడుతుందని, పిన్ను పెట్టుకోమని చెప్పాడు. అమ్మ తానే పెట్టుకుంది, అంకెలు ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత బొటనవేలితోనే తెరుస్తూ వచ్చింది. నిన్న రాత్రి ఛార్జింగ్ అయిపోయి ఫోను ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేశాక వేలు ఒప్పుకోవడం లేదు, పిన్నే కావాలంటోంది. అమ్మకు గుర్తు రావడం లేదు.

రాత్రంతా కూర్చుని లాప్‌టాప్‌లో లాక్ తీస్తామని చెప్పే ఒక సాఫ్ట్‌వేర్ వేశాను. అది ఏవో డ్రైవర్లు, అంటే ఫోనును లాప్‌టాప్ గుర్తుపట్టడానికి కావాల్సిన చిన్న ప్రోగ్రాములు, వేయమంది. వేస్తే సగంలో ఆగిపోయింది. డివైస్ మేనేజర్‌లో ఫోను పేరు పక్కన పసుపు త్రికోణం కనిపిస్తోంది. గూగుల్ వారి ప్లాట్‌ఫామ్ టూల్స్ కూడా దించుకుని, అందులో కంప్యూటరు నుంచి ఫోనుకు ఆదేశాలిచ్చే ఏడీబీ అనే పనిముట్టుతో చూశాను, కలిపిన ఫోన్ల జాబితా ఖాళీగా వస్తోంది. ఈ డ్రైవర్లు సరిగా ఎలా వేయాలో తెలిసినవారు చెప్పండి. ఇంకో భయం కూడా ఉంది. ఎవరైనా ఫోన్ చేస్తే పేరు రాకుండా నంబరు మాత్రమే కనిపిస్తోంది. లోపల ఉన్నదంతా చెరిగిపోయిందేమోనని అమ్మ నిన్నటి నుంచి సరిగా అన్నం కూడా తినడం లేదు.

టంకం | శనివారం, ఉదయం 7:25

ముందు అమ్మగారికి చెప్పండి, ఏదీ చెరిగిపోలేదు. ఫోను ఆగి మళ్లీ ఆన్ చేశాక మొదటిసారి పిన్ను కొట్టేవరకు పరిచయాల పుస్తకం తాళంలోనే ఉంటుంది, అందుకే పేర్లు రావు. బొటనవేలు పనిచేయకపోవడానికీ కారణం అదే. ఆ మొదటిసారి మాత్రం పిన్నే కావాలి.

నేను విజయవాడలో ఫోన్లు బాగుచేస్తాను. నా మాట విని ఇప్పుడే మూడు పనులు ఆపండి. ఆ సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టవద్దు. పవర్ బటన్, వాల్యూమ్ బటన్ కలిపి నొక్కితే వచ్చే రికవరీ తెరలో డేటా తుడిచే వరుస జోలికి వెళ్లవద్దు. తోచిన అంకెలు వరుసగా కొట్టవద్దు.

ఇప్పటికి ఎన్నిసార్లు తప్పు కొట్టారు? ఫోనులో మెమరీ కార్డు ఉందా? గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ తెలుసా?

గోదావరి గట్టు | శనివారం, ఉదయం 7:41

తొమ్మిదిసార్లు. ఐదు తప్పులయ్యాక 30 సెకన్లు ఆగమంది. కార్డు లేదు. గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ నా దగ్గర ఉంది. నా లాప్‌టాప్‌లో అమ్మ ఖాతా తెరిచి చూశాను, ఫొటోలు, పరిచయాలు అన్నీ ఉన్నాయి. రికార్డింగులు మాత్రం లేవు. ఆ సాఫ్ట్‌వేర్ మూడు వేల దాకా అడుగుతోంది. నిజంగా పనిచేసేదైతే కట్టడానికి నేను సిద్ధం.

పలకబలపం | శనివారం, ఉదయం 8:30

నేను కాలేజీలో కంప్యూటర్లు బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. బాబూ, డబ్బు కట్టే ముందు ఆ తాళం ఎలా పనిచేస్తుందో ఒక్కసారి చదవండి.

పాత రోజుల్లో తెర మీది లాక్ వీధి గుమ్మానికి వేసిన గొళ్లెం లాంటిది. గొళ్లెం తీస్తే ఇల్లు తెరిచే ఉండేది. ఆండ్రాయిడ్ 4.4 వరకు చాలా ఫోన్లలో గీత మరిచిపోతే గూగుల్ ఖాతాతో లోపలికి వెళ్లే దారి ఉండేది, 5.0తో దాన్ని తీసేశారు. రూటు చేసిన, అంటే లోపలి పూర్తి అధికారం తెరుచుకున్న ఫోన్లలోనైతే గీత వివరం దాచుకున్న ఒక చిన్న ఫైలును ఏడీబీతో చెరిపేస్తే లాకే పోయేది. ఇంటర్నెట్‌లో ఇప్పటికీ తిరుగుతున్న చిట్కాలు చాలావరకు ఆ కాలానివి.

తర్వాత పద్ధతి మారిపోయింది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0 నుంచి, తగిన శక్తి ఉన్న కొత్త ఫోన్లలో డేటాను గుప్తీకరించడం, అంటే తాళంచెవి లేనిదే చదవలేని రాతగా మార్చడం, తప్పనిసరి చేశారు. 2019 నాటి ఆండ్రాయిడ్ 10తో కొత్త ఫోన్లన్నిటిలో ఫైళ్లవారీ గుప్తీకరణ వచ్చింది. మీ అమ్మగారి ఫోను ఈ కాలానిదే. ఇందులో పిన్ను గొళ్లెం కాదు. ఆమె కొట్టే అంకెలు, ఫోను చిప్పు లోపల బయటకు తీయలేని రహస్యం, ఈ రెండూ కలిస్తేనే ఫైళ్లు చదివే తాళంచెవి తయారవుతుంది. చిప్పు విప్పి వేరే యంత్రంలో పెట్టినా అర్థం లేని అక్షరాలే వస్తాయి.

అంకెలన్నీ వరుసగా కొట్టి చూడవచ్చు కదా అంటారేమో. నాలుగంకెల పిన్నుకు 10,000 అవకాశాలు. కానీ లెక్క పెట్టేది ఫోనులోని భద్రమైన భాగం. గూగుల్ ఇచ్చిన మూలపద్ధతిలో పది తప్పులు దాటాక ప్రతి తప్పుకూ 30 సెకన్లు ఆగాలి, ముప్పై దాటాక ఆ సమయం రెట్టింపవుతూ పోతుంది, 140 దాటితే ఒక్కో ప్రయత్నానికి ఒక రోజు. రోజుకొకటి చొప్పున పదివేలు కొట్టడానికి 27 ఏళ్లు పడుతుంది. తయారీదారును బట్టి ఈ లెక్క కొంత మారుతుంది.

ఇక ఏడీబీ జాబితా ఎందుకు ఖాళీగా ఉందంటే, ఆ పనిముట్టు మాట్లాడాలంటే ఫోనులో డెవలపర్ ఎంపికల్లోకి వెళ్లి యూఎస్‌బీ డీబగ్గింగ్ అనే అనుమతి ముందే ఇచ్చి ఉండాలి. ఆండ్రాయిడ్ 4.2.2 నుంచి మరో షరతు కూడా ఉంది. ఈ కంప్యూటరును నమ్మవచ్చా అని ఫోను తెర మీద అడుగుతుంది, తెరిచి ఉన్న ఫోనులోనే దానికి అవునని చెప్పాలి. అందువల్ల డ్రైవర్ ఎంత చక్కగా ఎక్కినా మూసి ఉన్న ఫోను ఏడీబీకి తలుపు తీయదు. మీ లాప్‌టాప్‌లోని త్రికోణం వేరే సమస్య. దాన్ని సరిచేసినంత మాత్రాన పిన్ను రాదు.

గోదావరి గట్టు | శనివారం, ఉదయం 9:05

మాస్టారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. కానీ మా వీధి చివర దుకాణంలో ఏ ఫోనైనా గంటలో తెరుస్తామంటున్నారు. వాళ్లు ఎలా చేయగలుగుతున్నారు?

టంకం | శనివారం, ఉదయం 9:20

తెరుస్తారు. తుడిచి తెరుస్తారు. నా బల్ల దగ్గరకూ రోజూ ఇలాంటి ఫోన్లు వస్తాయి. తీసుకునే ముందు ప్రతి ఒక్కరికీ ఒకటే చెబుతాను: ఫోను మీకు వస్తుంది, అందులో ఉన్నది రాదు. మీరు వేసిన సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే మాట ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఒకసారి వెతకండి.

తుడిచాక కూడా పని పూర్తికాదు. 2015 నాటి ఆండ్రాయిడ్ 5.1 నుంచి, ఇలా బయటి దారిలో తుడిచిన ఫోను అంతకుముందున్న గూగుల్ ఖాతా వివరాలు అడుగుతుంది. దొంగిలించిన ఫోను అమ్ముకోలేకుండా పెట్టిన కట్టడి అది. పాస్‌వర్డ్ తెలియకుండా తుడిపించుకుని, ఆ తెర దగ్గర ఇరుక్కుపోయి ఏడుస్తూ వచ్చినవారిని చూశాను. ఎప్పుడైనా తుడవక తప్పని పరిస్థితి వస్తే ముందు ఖాతా పాస్‌వర్డ్ సరిచూసుకోండి. అప్పుడే మార్చి ఉంటే 24 గంటలు ఆగి తుడవండి.

ఇప్పటికి మాత్రం ఫోనును ఛార్జింగులో పెట్టి పక్కన ఉంచండి. సిమ్ తీసి ఇంట్లో మరో ఫోనులో వేయండి, అమ్మగారికి బ్యాంకు సందేశాలు, ఫోన్లు ఆగకుండా వస్తాయి.

గోదావరి గట్టు | శనివారం, ఉదయం 9:48

వెతికాను. నియమాల్లో పదకొండో అంశంలో ఉంది, పరికరంలోని సమాచారమంతా తొలగిపోతుందని. డబ్బు కట్టే పేజీలో మాత్రం ఏదీ పోదని పెద్ద అక్షరాల్లో రాశారు. చేతులు వణికాయి. సిమ్ మార్చాను.

సముద్రపు గాలి | శనివారం, ఉదయం 10:15

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి, నేను డాలస్‌లో ఉంటాను. మా అమ్మాయి ఐఫోనుకూ ఇదే వచ్చింది. పాస్‌కోడ్ మార్చి నిన్నటికి ఒక్క రోజే. అక్కడైనా దారి ఉందా?

పలకబలపం | శనివారం, ఉదయం 10:32

మీకు అదృష్టం ఉంది. 2023లో వచ్చిన ఐఓఎస్ 17 నుంచి, కొత్త పాస్‌కోడ్ పెట్టిన 72 గంటల లోపు పాతదానితో లోపలికి వెళ్లి మరోటి పెట్టుకోవచ్చు. తప్పు కొట్టాక తెర కింద పాస్‌కోడ్ మరిచిపోయారా అని కనిపిస్తుంది, అక్కడ పాత పాస్‌కోడ్ ఎంపిక ఉంటుంది. వెంటనే చూడండి. ఆ గడువు దాటితే ఆపిల్ ఖాతాతో తుడిచి, ఐక్లౌడ్‌లో ప్రతి ఉంటే దాని నుంచి తెచ్చుకోవడమే మిగులుతుంది. ఆ తుడిచే పని కంప్యూటరు లేకుండా తెర మీదే చేసే వీలు ఐఓఎస్ 15.2 నుంచి ఉంది.

ఇక ఈ తాళాలు ఎంత గట్టివో ఒక్క ఉదాహరణ. 2015 డిసెంబరులో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో కాల్పుల తర్వాత ఒక ఐఫోన్ 5సీ తెరవడానికి అమెరికా ప్రభుత్వ దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఆపిల్‌పై కోర్టుకు వెళ్లింది. చివరకు 2016 మార్చిలో బయటివారి సాయంతో తెరిచి కేసు వదులుకుంది. అంత పెద్ద సంస్థకు అంత కష్టమైన పనిని మూడు వేలకు చేస్తామన్న మాటను నమ్మడానికి నాకు మనసొప్పదు.

వేపచెట్టు | శనివారం, మధ్యాహ్నం 12:10

వరంగల్ నుంచి. నాకు చిప్పుల సంగతి తెలియదు కానీ పెద్దవాళ్ల సంగతి తెలుసు. గట్టు తమ్ముడూ, పొద్దుటి నుంచి చదువుతున్నాను. అందరూ ఫోనును అడుగుతున్నారు, అమ్మను ఎవరూ అడగలేదు.

మా అత్తయ్య ఏటీఎం పిన్ను మరిచిపోయినప్పుడు ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి ఏ అంకె, ఏ సంవత్సరం, ఎవరి పుట్టినరోజు అని అడిగేవాళ్లం. అడిగిన కొద్దీ ఆమెకు ఉన్నదీ పోయింది. మీ ఇంట్లోనూ అదే జరుగుతోందేమో. ఈ రోజుకు ఆమెను వదిలేయండి. భోజనం పెట్టండి, నిద్రపోనివ్వండి. రేపు పొద్దున ఫోను ఇవ్వకుండా మామూలు మాటల్లో రెండే సంగతులు అడగండి. పిన్ను పెట్టినప్పుడు ఎక్కడ కూర్చుంది, ఏ చేత్తో నొక్కింది. అంకెలు అడగవద్దు. ఇంకొకటి, అంతకుముందు ఆమె గీసే గీత ఎలా ఉండేది?

టంకం | శనివారం, మధ్యాహ్నం 12:40

అక్కయ్యగారు చెప్పింది బంగారం లాంటి మాట. నా వైపు నుంచి రెండు చేర్పులు. ఇప్పటిదాకా కొట్టిన తొమ్మిదీ కాగితం మీద రాయండి, మళ్లీ అవే కొట్టి అవకాశాలు పోగొట్టుకోకూడదు. పిన్ను నాలుగంకెలే అని అనుకోవద్దు. ఆండ్రాయిడ్ 11లో అంకెలయ్యాక సరే గుర్తు నొక్కాలి కాబట్టి ఎన్ని అంకెలో తెర చూసి చెప్పలేం. ఐదు ఉండవచ్చు, ఎనిమిది ఉండవచ్చు.

గోదావరి గట్టు | శనివారం, మధ్యాహ్నం 1:05

తొమ్మిదీ నాలుగంకెలవే కొట్టాం! నాన్న పుట్టిన సంవత్సరం, పెళ్లి సంవత్సరం, ఇంటి నంబరు ఇవన్నీ. అక్కా, పాత గీత ఎలా ఉండేదో నాకు తెలియదు. ఆమెకు ఫోను కొత్తలో చుక్కలు కలపడం చూసి నవ్వుతూ ఇది ముగ్గేగా అంది, అంతవరకు గుర్తుంది.

వేపచెట్టు | శనివారం, మధ్యాహ్నం 1:12

మూడు వరుసలు, వరుసకు మూడు చుక్కలు. అంకెల పలక కూడా అదే కదా తమ్ముడూ! ఒకటి నుంచి తొమ్మిది వరకు మూడు వరుసలు. పిన్ను పెట్టమంటే ఆమె అంకెలు చూసి ఉండకపోవచ్చు. అలవాటైన ముగ్గు దారిలోనే వేలు పోనిచ్చి ఉండవచ్చు. రేపు ఒక తెల్లకాగితం మీద తొమ్మిది చుక్కలు పెట్టి ఆమె ముందు ఉంచండి.

పలకబలపం | శనివారం, మధ్యాహ్నం 1:30

చాలా మంచి ఆలోచన. ఒక్క జాగ్రత్త. కాలిక్యులేటరు మీద గానీ కంప్యూటరు కీబోర్డు కుడివైపు ఉండే అంకెల పలక మీద గానీ సాధన చేయించవద్దు. వాటిలో పై వరుస 7, 8, 9. ఫోనులో పై వరుస 1, 2, 3. చెయ్యి తలకిందులవుతుంది.

దూరతీరం | శనివారం, మధ్యాహ్నం 3:20

జర్మనీ నుంచి. లాక్ గురించి పెద్దలు చూసుకుంటున్నారు, నేను త్రికోణం సంగతి అడుగుతాను. ఫోను తెరుచుకున్న నిమిషంలో ఫైళ్లు కాపీ చేయాలంటే లాప్‌టాప్ సిద్ధంగా ఉండాలి కదా. ఆ త్రికోణం పక్కన ఏమి రాసి ఉంది? వేరే ఫోను పెట్టినా అలాగే వస్తోందా? లాప్‌టాప్ ఎక్కడ కొన్నది? సెట్టింగ్స్‌లో సిస్టమ్ గురించిన పేజీలో విండోస్ పేరు చివర ఎన్ అనే అక్షరం ఉందేమో చూడండి.

గోదావరి గట్టు | శనివారం, మధ్యాహ్నం 3:55

ఎంటీపీ అని ఉంది. నా ఫోను తెరిచి పెట్టినా అదే త్రికోణం. లాప్‌టాప్ మా బావ మ్యూనిచ్ నుంచి తెచ్చి ఇచ్చాడు. విండోస్ 11 ప్రో ఎన్. ఇది మీకెలా తెలిసింది?

దూరతీరం | శనివారం, సాయంత్రం 4:30

ఇక్కడికి వచ్చిన కొత్తలో నేనూ రెండు రోజులు కొట్టుకున్నాను. మైక్రోసాఫ్ట్ తన మీడియా ప్లేయరును విండోస్‌తో కట్టి అమ్మడం తప్పని 2004లో యూరోపియన్ కమిషన్ తీర్పు ఇచ్చింది. అప్పటి నుంచి యూరప్‌లో మీడియా భాగాలు లేని ఎన్ రకం కూడా అమ్ముతున్నారు. ఫోను నుంచి ఫైళ్లు తెచ్చే ఎంటీపీ పద్ధతి ఆ మీడియా భాగాల మీదే నిలబడి ఉంటుంది. అవి లేకపోతే ఏ డ్రైవర్ వేసినా త్రికోణం పోదు. మీ ఫోను తప్పు లేదు, డ్రైవర్ తప్పూ లేదు.

ముందు ఆ లాక్ తీసే సాఫ్ట్‌వేర్‌ను తొలగించండి. డివైస్ మేనేజర్‌లో త్రికోణం ఉన్న వరుసను కూడా తొలగించండి, డ్రైవర్‌ను కూడా చెరపమని అడిగే గడి కనిపిస్తే దానికి టిక్కు పెట్టండి. తర్వాత సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ పేజీకి వెళ్లి, చేర్చే జాబితాలో మీడియా ఫీచర్ ప్యాక్ వెతికి వేయండి. నెట్ వేగాన్ని బట్టి కొంతసేపు పడుతుంది. అయ్యాక లాప్‌టాప్‌ను తప్పకుండా ఆపి మళ్లీ పెట్టండి. చాలామంది ఈ చివరి పని వదిలేసి మళ్లీ డ్రైవర్ల వెంట పడతారు.

కేబుల్ కూడా చూసుకోండి. చౌక కేబుళ్లలో కొన్నింటికి కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఛార్జింగ్ ఎక్కుతోంది కాబట్టి కేబుల్ మంచిదే అనుకోవద్దు.

పలకబలపం | శనివారం, సాయంత్రం 5:05

ఆ సాఫ్ట్‌వేర్ వేసేటప్పుడు యాంటీవైరస్ ఆపమని అడిగిందా? అడిగి ఉంటే మీ బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు వేరే పరికరం నుంచి ఇప్పుడే మార్చండి. విండోస్ డిఫెండరులో ఆఫ్‌లైన్ స్కాన్ ఉంటుంది, అది నడపండి. ఖాతాలో డబ్బు పోయినట్లు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి.

గోదావరి గట్టు | శనివారం, రాత్రి 9:15

అడిగింది, ఆపాను కూడా. పాస్‌వర్డ్‌లన్నీ మార్చాను, స్కాన్ నడిపాను. మీడియా ఫీచర్ ప్యాక్ ఎక్కింది. నా ఫోను పెట్టి చూస్తే త్రికోణం పోయింది, ఫోల్డర్లు కనిపిస్తున్నాయి! అమ్మ రాత్రి పెరుగన్నం తిని పడుకుంది.

గోదావరి గట్టు | ఆదివారం, ఉదయం 7:30

తెరుచుకుంది.

పొద్దున వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టి వచ్చాక, వరండాలో కూర్చోబెట్టి కాగితం ఇచ్చాను. ఏ అంకెలని అడగలేదు, నీ ఫోను ముగ్గు ఒకసారి వేసి చూపించమ్మా అన్నాను. ఆలోచించకుండా ఒక్క గీతలో వేసింది. ఏడు చుక్కలు. ఆ దారిలోనే అంకెలు రాసుకుని, ఫోను ఆమె చేతికే ఇచ్చాను. మొదటిసారి ఒక చుక్క తప్పింది. రెండోసారి తెర వెలిగింది.

అక్కా, ఏమని చెప్పాలో తెలియడం లేదు.

టంకం | ఆదివారం, ఉదయం 7:34

ఫోను కింద పెట్టవద్దు. ముందు కాపీ, తర్వాతే కబుర్లు. ఛార్జింగ్ పెట్టి, ఫైళ్ల యాప్ నుంచి రికార్డింగులన్నీ ఎంచి గూగుల్ డ్రైవ్‌కు పంపండి. లాప్‌టాప్‌కు కలిపినప్పుడు ఫోను ఛార్జింగ్ మాత్రమే అని చూపిస్తుంది. పైనుంచి నోటిఫికేషన్ లాగి ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోండి. కాపీ అయ్యాక రెండు మూడు ఫైళ్లు లాప్‌టాప్‌లో వినిపించి చూసుకోండి, పేరు కనబడినంత మాత్రాన ఫైలు బాగుందని కాదు.

గోదావరి గట్టు | ఆదివారం, ఉదయం 9:10

43 రికార్డింగులు. లాప్‌టాప్‌లో ఒకటి, డ్రైవ్‌లో ఒకటి, మా చెల్లి దగ్గరకు పంపినది ఒకటి. మూడు చోట్లా విని చూశాం. ఒకదానిలో నాన్న పద్యం మధ్యలో ఆగి, దగ్గి, అమ్మను మంచినీళ్లు అడిగారు. అమ్మ దాన్నే మళ్లీ మళ్లీ పెట్టించుకుంటోంది.

వేపచెట్టు | ఆదివారం, ఉదయం 9:25

కళ్లు తడిశాయి తమ్ముడూ. పెట్టించుకోనివ్వండి.

సముద్రపు గాలి | ఆదివారం, ఉదయం 9:50

మాస్టారూ, మా అమ్మాయి ఫోనూ తెరుచుకుంది. పాత పాస్‌కోడ్ పనిచేసింది. గడువుకు ఇంకా ముప్పై గంటలు ఉన్నాయట. ధన్యవాదాలు.

పలకబలపం | ఆదివారం, ఉదయం 10:20

సంతోషం. గట్టు గారూ, పిన్ను ముగ్గు దారిలో ఉందని, ఏడంకెలని ఇంతమంది ముందు రాశారు కాబట్టి ఈ రోజే మార్పించండి. మార్చాలంటే పాత పిన్ను అడుగుతుంది, ఇప్పుడు అది మీ చేతిలో ఉంది. కొత్తది ఆమె ఇష్టప్రకారమే పెట్టుకోనివ్వండి. వారం రోజులు రోజూ ఒక్కసారైనా వేలు పెట్టకుండా పిన్నుతోనే తెరవమనండి, చేతికి అలవాటవుతుంది. కాగితం మీద రాసి, కవరులో అంటించి, ఫోనుతో పాటు తిరగని చోట ఉంచండి.

గోదావరి గట్టు | ఆదివారం, సాయంత్రం 6:40

మార్చింది. ఈసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పెట్టుకుంది, నేను చూడలేదు. కవరు బీరువాలో పట్టుచీరల కింద ఉంది. నాన్న రికార్డింగులు ఫోనులో తేదీల పేర్లతో ఉన్నాయి, ఏది ఏ పద్యమో పేర్లు మార్చి పెట్టమని అమ్మ ఇప్పుడు నన్ను కూర్చోబెట్టింది. ఆమె విని చెబుతోంది, నేను రాస్తున్నాను. పదకొండు అయ్యాయి.